ఇంటికో బిందె

మెట్టకూరులో వీరవేణి ఇల్లెక్కడని అడిగితే నలుగురు నాలుగు దిక్కులు చూపిస్తారు. కప్పల వీరవేణి ఇల్లంటే మాత్రం చేయి పట్టుకుని తీసుకొచ్చి గుమ్మంలో దింపుతారు. ఆ పేరు పెట్టింది బయటివాళ్లెవరో కాదు, ఆమె సొంత మరిది పాపారావు. వెక్కిరించడానికే పెట్టాడు. "పెట్టుకోనీ. పేరు పెడితే కప్పలు వాడివైపోతాయా?" అంది వీరవేణి. ఆ రోజు నుంచి ఎవరు అలా పిలిచినా "ఆయ్, ఏం కావాలి?" అని పలకడం మొదలుపెట్టింది. పలికేసరికి వెక్కిరింపులో పస పోయింది, పేరు మిగిలింది.

ఆమె పెరట్లో ఒక గుంట ఉంది. గోదావరి పక్కన ఇల్లు కట్టేవాడు ముందు నేల మెరక చేసుకోవాలి, లేదంటే వరదొచ్చినప్పుడు వంటింట్లో చేపలు తిరుగుతాయి. ఆ మెరకకు మట్టి పెరట్లోంచే తీస్తారు, తీసిన చోట గుంట మిగులుతుంది. ఆ వీధిలో ఇంటికొకటి ఉండేది. జనం చెత్త పోసి, బూడిద పోసి, కొబ్బరి డొక్కలు పోసి చాలావాటిని పూడ్చేశారు. వీరవేణి పూడ్చలేదు సరికదా, దాన్ని ఇంకో సంసారంలా నడిపింది.

ఆ సంసారానికి కట్టుబాట్లు ఉండేవి. పక్కింటి జోసెఫిన్ బాతులు గుంటలో దిగకూడదు, దిగితే తోకలున్న కప్పపిల్లల్ని గుటుక్కున మింగేస్తాయి. తెల్లకొంగలు ఒడ్డున నిలబడొచ్చు, నీళ్లలోకి రాకూడదు. అందుకని ఒడ్డు చుట్టూ పుల్లలు పాతి పాత వలముక్కలు కట్టింది. నీరుకట్టె పాము ఒకటి ఉండొచ్చు. రెండోది కనబడితే కర్రతో ఎత్తి వెనకున్న ఏటిపాయలోకి విసిరేసేది. "ఒకదానికి తిండి పెట్టగలం గానీ దాని చుట్టాలందర్నీ మేపలేం" అనేది. బావురుపిల్లి వస్తే మోగేలా డాల్డా డబ్బాలు వేలాడదీసింది. రాళ్లు పేర్చిన వైపు కప్పలు ఎక్కలేక జారిపడుతుంటే ఒక చెక్క తెచ్చి ఏటవాలుగా ఆనించింది.

ఇంత చేసేదంటే కప్పల మీద ప్రేమనుకునేరు. అబ్బే! చూస్తే ఒళ్లు జలదరించేది. కాలికి తగిలితే "ఛీ, పాడు మొహమా" అని తిట్టేది. ఆమె భర్త చిన్నారావు రేవులో జనాన్ని ఏరు దాటించే పంటు మీద ఇరవయ్యేళ్లు పనిచేసి, కుడికాలికి బోదకాలు వచ్చి ఇంట్లో కూర్చున్నాడు. దోమకాటు వల్ల వచ్చిందని ఆసుపత్రిలో చెప్పారు. కప్పలుంటే దోమలు తగ్గుతాయని పోయిన అత్తగారు ఎప్పుడో అన్న మాట గుర్తుంది. ఇంకో కాలు మిగిలింది కదా, దాన్నయినా కాపాడుకుందామని కప్పల్ని ఉండనిచ్చింది. అదొక్కటే కారణమైతే ఈ కథ ఇంతదాకా రాకపోను.

మూడేళ్ల కిందట పాపారావు కప్పల వ్యాపారంలో దిగాడు. వానాకాలంలో అతని మనుషులు గ్యాసులైట్లు పట్టుకుని పొలం గట్లంట తిరిగి బోదురుకప్పల్ని గోతాల్లో నింపుకొచ్చేవారు. ఊళ్లోవాళ్లు కూడా తమ పెరట్లో దొరికినవి పట్టి ఇచ్చేవారు. వెనక కాళ్లు మాత్రం నరికి ఐసులో పెట్టి కాకినాడ పంపితే, అక్కడి నుంచి ఓడెక్కి పోయేవి.

"ఫ్రాన్సులో దొరలు తింటారే వీరవేణీ. మా ఆయన తిన్నాడంట, కోడిపిల్లలా ఉంటదని చెప్పేవాడు" అంది జోసెఫిన్. ఆవిడ భర్త, ఊరు ఫ్రెంచివాళ్ల ఏలుబడిలో ఉన్న రోజుల్లో, వాళ్ల పటాళంలో పనిచేసి పోయాడు, ఆవిడకి ఇప్పటికీ ఆ పింఛను వస్తుంది.

"మరి కోడిపిల్లనే తినొచ్చుగా! దొరలకి కోళ్లు కరువయ్యాయా?" అంది వీరవేణి. అప్పటికి ఆమెకు అదొక నవ్వులాటే.

ఒకరోజు పొద్దున్నే తోటికోడలు నాగమణికి మునక్కాడలు ఇద్దామని పాపారావు ఇంటికి వెళ్లింది. పెరట్లో ఇద్దరు మనుషులు కత్తిపీటల ముందు కూర్చుని పని చేస్తున్నారు. కాళ్లు ఒక బేసినులో పడుతున్నాయి. మిగతా సగం ఒక గంపలో పడుతోంది. ఆ గంప కదులుతోంది. వీరవేణి దగ్గరికెళ్లి తొంగిచూసింది. నడుం దాకానే ఉన్న కప్పలు ముందుకాళ్లతో ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలని చూస్తున్నాయి. కళ్లు తెరిచే ఉన్నాయి. నోళ్లు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆమె చేపల ఊళ్లో పుట్టిన మనిషి, రోజూ చేప కోసే మనిషి, చావుని చూసి బెదిరే రకం కాదు. అయినా ఆ గంప చూసేసరికి ఏడుపు తన్నుకొచ్చింది.

"చంపి కొయ్యొచ్చు కదరా, నీ చేతులు పడిపోనూ!" అని మరిదిని నిలదీసింది.

"వందలకి వందలు ఉంటాయి వదినా. ఒక్కోదాన్నీ చంపుతా కూర్చుంటే ఐసు కరిగిపోద్ది" అన్నాడు పాపారావు, ఇందులో తప్పేముందన్నట్టు.

"అయితే విను. నీ ఐసు కరిగినా సరే, నీ ఓడ మునిగినా సరే, నా గుంటలోంచి ఒక్క కప్ప నీ గంపలో పడదు. పడితే నేను వీరవేణిని కాదు."

"కప్పల వీరవేణి!" అని నవ్వాడు పాపారావు. పేరు అలా పుట్టింది.

ఆ తర్వాత మూడు వానాకాలాలు గడిచాయి. మెట్టకూరు గుంటలు, పక్కూరు అడవిపొలం గట్లు, అటు కాలవ పక్క బోదెలు ఒక్కొక్కటీ మూగబోయాయి. ఎనభై అయిదో సంవత్సరం వేసవి వచ్చేసరికి ఆ చుట్టుపక్కల బోదురుకప్ప అనేది ఉంటే వీరవేణి గుంటలో ఉండాలి, లేకపోతే లేదు. ఆ వేసవి కూడా అలాంటిలాంటి వేసవి కాదు. కాలవలు కట్టేశారు. ఏటిలో నీళ్లున్నాయి గానీ సముద్రం పోటుకి ఉప్పునీళ్లు పైకి ఎక్కేశాయి. వీధి కుళాయి పొద్దున గంటసేపు వచ్చేది, ఇంటికి నాలుగు బిందెలు దొరికితే గొప్ప. ఏరువాక పున్నమి వెళ్లిపోయినా ఆకాశంలో అరచెయ్యంత మబ్బు లేదు.

వీరవేణి గుంట నడుం లోతు నుంచి మోకాలి లోతుకు, మోకాలి లోతు నుంచి చీలమండ లోతుకు వచ్చింది. కొన్ని కప్పలు ఒడ్డు బురదలో దూరాయి. మిగిలినవన్నీ నడిమధ్య ఉన్న కాసిని నీళ్లలో ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కొబ్బరిచెట్ల మీద కాకులు, గద్దలు, కొంగలు పెళ్లిభోజనానికి వచ్చినట్టు వచ్చి కూర్చున్నాయి. ఆమె కొబ్బరాకులతో తడకలల్లి నీళ్ల మీద నీడ వేసింది. పొద్దు పొడిచింది మొదలు కర్ర పట్టుకుని ఒడ్డున పీట వేసుకుని కూర్చునేది. కూరలు తరగడం అక్కడే, బియ్యం ఏరడం అక్కడే, పక్షుల్ని తిట్టడం అక్కడే.

"నాకు పెళ్లాం ఉన్నట్టా, లేనట్టా?" అని అరుగు మీంచి కేకేసేవాడు చిన్నారావు.

"ఉంది. ఉద్యోగానికెళ్లింది" అని ఇక్కణ్ణుంచి కేకేసేది.

ఆమె పట్టుదల ఒక్కటే. వాన పడేదాకా ఇవి బతకాలి. వాన పడితే గుడ్లు పెడతాయి, పిల్లలు ఊరంతా పాకుతాయి. ఈ గుంట ఎండిందా, మెట్టకూరులో బోదురుకప్ప వంశం ఇక్కడితో సరి. అందుకని బియ్యం కడిగిన నీళ్లు, కూరలు కడిగిన నీళ్లు, చివరికి తాగే నీళ్లలోంచి ఒక బిందె కూడా గుంటలో పోసేది. ఎండ ఆ బిందెను మధ్యాహ్నానికల్లా తాగేసేది.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం పాపారావు వచ్చాడు. వెనకాల రిక్షా మీద ఆయిలింజను, చుట్టచుట్టిన పొడుగాటి రబ్బరు గొట్టం, ఇద్దరు మనుషులు.

"నీ కష్టం చూడలేకపోతన్నాను వదినా. ఎంతైనా అన్నయ్య ఇల్లు. పాయలోంచి నీళ్లు తోడి గుంట నింపేస్తాను. గంటలో అయిపోద్ది."

వీణ్ణా నేను అన్ని మాటలన్నది అని వీరవేణి మనసులో సిగ్గుపడింది. ఎనిమిదేళ్ల వయసులో తల్లి పోతే తన చేత్తో అన్నం పెట్టి పెంచిన మరిది. రక్తం ఎక్కడికి పోతుంది అనుకుని లోపలికెళ్లి కాఫీకి నీళ్లు పడేసింది.

ఇంజను దడదడలాడింది. గొట్టంలోంచి నీళ్లు ధారగా గుంటలో దూకాయి. చిన్నారావు అరుగు మీద కూర్చుని చప్పట్లు కొట్టాడు. వీరవేణి కాఫీ గ్లాసు పట్టుకుని వచ్చి చూసింది. కొత్త నీళ్లొస్తే కప్పలు అందులో ఈదాలి. ఇవేమో ఈదడం లేదు. ఒకదాన్నొకటి తొక్కుకుంటూ చెక్క మీదుగా ఒడ్డెక్కేస్తున్నాయి. ఆ చెక్క పైకొచ్చే చోట గొట్టం పట్టుకోవడానికి వచ్చిన ఇద్దరూ గొట్టం వదిలేసి, గోతాలు తెరిచి కూర్చున్నారు.

ఆమె వంగి నీళ్లలో చెయ్యి ముంచి నాలిక మీద వేసుకుంది. ఉప్పు కషాయం! ఇరవయ్యేళ్లు పంటు నడిపినవాడి పెళ్లాం, ఏ గంటకు పోటో ఏ గంటకు పాటో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. ఇంత తెలిసీ మరిది ప్రేమ చూసి మురిసిపోయి సూర్యుడెక్కడున్నాడో చూసుకోలేదు. పాటు మీద తోడితే నీళ్లు కాస్త చప్పగానైనా ఉండేవి. వీడు కావాలని నిండు పోటు మీద ఇంజను పెట్టాడు.

"ఓరి నీ అసాధ్యం కూలా!" అంది. కాఫీ గ్లాసు ఎటు పోయిందో తెలియదు. చూరులో ఉన్న కొబ్బరికాయల కత్తి చేతికొచ్చింది. ఒక్క వేటుకు గొట్టం రెండు ముక్కలైంది. తెగిన కొస పాములా ఎగిరి పాపారావు మొహం నిండా ఉప్పునీళ్లు కొట్టింది.

"వదినా! గొట్టం కిరాయిదే!"

"నా కప్పలు కిరాయివి కాదురా! లే, ముందు నా పెరట్లోంచి లే! ఒరే, మీ గోతాలు నేల మీద బోర్లించండి. ఒక్కటి లోపల మిగిలిందా, ఈ కత్తి గొట్టం దగ్గర ఆగదు."

వాళ్లు బోర్లించారు. ఎవరు మాత్రం బోర్లించరు!

వాళ్లు వెళ్లాక ఆమె కొంగు నడుముకు బిగించి బకెట్టు పట్టింది. కేకలు విని జోసెఫిన్ గోడ దాటి వచ్చి రెండో బకెట్టు పట్టుకుంది. ఇద్దరూ సాయంత్రం దాకా ఆ ఉప్పునీళ్లు తోడి పాయలో పారబోశారు. తర్వాత వీరవేణి ఇంట్లో ఉన్న నాలుగు బిందెలూ, జోసెఫిన్ ఇంట్లో ఉన్న రెండు బిందెలూ గుంటలో పోశారు. పది పన్నెండు కప్పలు చచ్చిపోయాయి. వాటిని అరటిచెట్టు మొదట్లో పాతిపెడుతూ వీరవేణి ఏడ్చింది. కప్పల కోసం కొంత, నమ్మినందుకు కొంత. ఆ రాత్రి ఇంట్లో దాహానికి కొబ్బరిబోండాలే గతి.

మృగశిర కార్తె పోయి ఆరుద్ర వచ్చింది. వాన లేదు. నారుమళ్లు పెళ్లలు పెళ్లలుగా విచ్చుకున్నాయి. ఇక కప్పతల్లిని ఊరేగించాల్సిందే అని ఆడవాళ్లందరూ తేల్చారు. వానలు రాకపోతే రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో తడిగుడ్డలో ఒక కప్పను కట్టి, ఇద్దరు మోస్తుండగా పాడుకుంటూ ఇల్లిల్లూ తిప్పుతారు. ప్రతి ఇంటి ఇల్లాలూ దాని మీద నీళ్లు పోస్తుంది. కప్ప గొంతు విని వానదేవుడు కరుగుతాడని నమ్మకం. రోకలి దొరికింది. వేపమండలు దొరికాయి. కప్ప దొరకలేదు.

రెండు రోజులు వెతికారు. ఆఖరికి ఎవరి దొడ్లోనో గోడవార ఒక గరుకొంటి బుల్లికప్ప దొరికితే దాన్నే కట్టి తిప్పారు. అది అరవలేదు సరికదా, నాలుగో ఇంటి దగ్గర గుడ్డలోంచి జారి తూములో దూరింది. "ఇది కప్పతల్లి కాదర్రా, కప్పపిన్ని! దీని మాట వానదేవుడు ఏం వింటాడు?" అని చిన్నారావు అరుగు మీంచి అంటే ఏడవాల్సినవాళ్లు కూడా నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఊరిపెద్ద ఉమామహేశ్వరం గారు వీరవేణి పెరట్లోకి వచ్చారు. వెనక ఆయన భార్య, పసుపు రాసిన రోకలితో పదిమంది ఆడవాళ్లు, వాళ్ల వెనక తేలు కుట్టిన దొంగలా పాపారావు. అతనికీ రెండెకరాల నారుమడి ఎండుతోంది మరి.

"అమ్మా వీరవేణీ, ఒక్క కప్ప కావాలమ్మా. ఊరి కోసం" అన్నారు ఉమామహేశ్వరం గారు.

వీరవేణి పీట మీంచి లేవలేదు. మూడేళ్లు నవ్వినవాళ్లందరూ వరసగా నిలబడి ఉన్నారు. "ఊరి కప్పలేమయ్యాయి బాబయ్యగారూ?" అంది.

ఆయన నీళ్లు నమిలారు. "ఏవో... అయిపోయాయి కదా."

"అయిపోలేదండి. అమ్ముకున్నారు. మీ చెరువుగట్టున పట్టినవే రెండు గోతాలు మా మరిదింటికి రావడం ఈ కళ్లతో చూశాను. కాళ్లు నరికి ఓడెక్కించినప్పుడు అది కప్ప. ఇప్పుడు నీళ్లు కావాలంటే కప్పతల్లి! తల్లి కాళ్లు నరుకుతారటండీ ఎవరైనా?"

ఉమామహేశ్వరం గారి భార్య తల దించుకుని "తప్పేనమ్మా" అంది. ఆ మాట విన్నాక వీరవేణి గొంతు కొంచెం దిగింది. కొంచెమే.

"కప్పనివ్వను. రోకలికి కట్టి ఎండలో ఊరంతా తిప్పితే సాయంత్రానికి చస్తది. కప్పతల్లి ఈసారి మీ ఇళ్లకి రాదు. మీరే కప్పతల్లి దగ్గరకి రావాలి. ఇంటికో బిందె మంచినీళ్లు. కప్పల మీద పొయ్యండి. ఒకటి కాదు, ఎనభై ఉన్నాయి. ఎనభై గొంతులు మొరపెట్టుకుంటే వినకుండా పోడు వానదేవుడు."

అంతే, కప్పల తక్కెడ మొదలైంది. రోకలి లేకుండా ఎలా అని ఒకరు, మా అమ్మమ్మల కాలం నుంచి లేని పద్ధతి అని ఒకరు, తాగడానికే లేవు, గుంటలో పొయ్యమంటావా అని ఇంకొకరు. వీరవేణి కందిపప్పు ఏరుకుంటూ అందర్నీ మాట్లాడనిచ్చింది. అలిసిపోయి ఆగాక ఒక్కటే అడిగింది. "వాన కావాలా, అక్కర్లేదా?"

కావాలి. కావాలి కాబట్టే వచ్చారు.

"అయితే ఇంకో మాట. మొదటి బిందె మా పాపారావు పొయ్యాలి."

"నేను పొయ్యను" అన్నాడు పాపారావు. అందరూ అతని వైపు తిరిగారు. "రేపు వాన పడకపోతే నీవల్లే ఆగిందంటారు నాయనా, నీ ఇష్టం" అన్నారు ఉమామహేశ్వరం గారు మెల్లగా. పాపారావు మొహం కందగడ్డలా చేసుకుని ఇంటికెళ్లి బిందె భుజాన పెట్టుకొచ్చాడు.

"మంచినీళ్లేనా?" అంది వీరవేణి.

"ఆయ్, మంచినీళ్లే" అని పళ్లు నూరుతూ కుమ్మరించాడు.

అతని వెనక వీధంతా వచ్చింది. అరవై ఇళ్లు, అరవై బిందెలు. పాటలు పాడారు, పసుపు చల్లారు. జోసెఫిన్ కూడా బిందె తెచ్చింది. "నేను మొక్కు కోసం పొయ్యట్లేదర్రా, కప్పల కోసం పోస్తన్నాను. ఫాదరుగారడిగినా ఇదే చెప్తాను" అని ముందే అందరికీ చెప్పింది. సాయంత్రానికి గుంటలో నీళ్లు జానెడు లేచాయి. కప్పలు ఒకదాని మీంచి ఒకటి దిగి ఈదాయి. వీరవేణికి ఆ రోజు అన్నం సహించింది.

వాన పడలేదు.

మర్నాడు జనం మొహాలు వేలాడేసుకుని వచ్చారు. "పడలేదేంటి వీరవేణీ?" అన్నారు ఉమామహేశ్వరం గారు.

"మొదలెట్టిన మొక్కు మధ్యలో ఆపితే ఎలా పడుద్దండి? పడేదాకా రోజూ ఇంటికో బిందె" అంది, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా.

అరుగు మీద చిన్నారావు నవ్వాపుకోలేక పొరబోయి దగ్గాడు. జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మానేస్తే వాన తమవల్లే ఆగుతుందేమోనని ప్రతివాళ్లకీ భయం. రెండో రోజూ పోశారు. మూడో రోజూ పోశారు. నాలుగో రోజుకు వీరవేణికి ఒక చిత్రం కనబడింది. బిందె పోసినవాళ్లు వెంటనే వెళ్లడం లేదు. ఒడ్డున కూర్చుని, అదిగో పెద్దది, అదిగో వెకిలి మొహంది అని చూపించుకుంటున్నారు. గద్ద ఒకటి దిగబోతే ఉమామహేశ్వరం గారే ఉత్తరీయం ఊపుతూ "హే! హే!" అని పరిగెత్తారు. పాపారావు మాత్రం మొదటి రోజు తర్వాత మళ్లీ రాలేదు. అతని ఇంటి బిందె నాగమణి చంకనెత్తుకుని తెచ్చేది. పోసి, కాసేపు నీళ్ల వైపు చూసి వెళ్లిపోయేది.

ఆరో రోజు మధ్యాహ్నం ఈశాన్యం నల్లబడింది. గాలి లేచింది. రెండు పెద్ద చినుకులు, తర్వాత నాలుగు, తర్వాత ఇక లెక్కలేదు. వీధిలో జనం గొడుగులు మర్చిపోయి తడిశారు.

గుంటలో కప్పలు ఒక్కసారిగా గొంతులెత్తాయి. మగకప్పల ఒళ్లు పచ్చగా పసుపుముద్దలైపోయాయి, గొంతుకి రెండు పక్కలా నీలపు తిత్తులు ఉబ్బాయి. ఒడ్డు బురద పగలగొట్టుకుని కొత్తవి బయటికొచ్చాయి. ఎనభై కాదు, రెండింతలు. మూడేళ్లుగా తగ్గుతూ వచ్చిన ఆ గోలని మెట్టకూరు మళ్లీ నిండుగా విన్నది. వీరవేణి వానలో నిలబడి "ఎంత చండాలంగా అరుస్తున్నాయో" అని నవ్వింది, కళ్లు తుడుచుకుంది.

గేటు చప్పుడైంది. పాపారావు. వెనక నలుగురు మనుషులు, నాలుగు గోతాలు.

"వాన కోసమే ఆగాను వదినా. మొక్కు తీరింది, ఊరి పని అయిపోయింది. ఇప్పుడు అడ్డుపడకు. ఈ ఏడాది సరుకు లేదని కాకినాడ వాళ్లు నా పీక మీద కూర్చున్నారు."

కత్తి చూరులోనే ఉంది. ఆమె అటు చూసింది. నలుగురు మగవాళ్ల మీదికి ఒక్కతి కత్తెత్తితే ఎంతసేపు? ఒకణ్ణి ఆపితే మిగతావాళ్లు నీళ్లలో దిగుతారు. కత్తి జోలికి పోకుండా గేటుకు అడ్డంగా నిలబడి చెప్పింది.

"ఇవి నా ఒక్కదాని కప్పలయితే నీతో కొట్టుకునేదాన్ని. ఇప్పుడు కాదు. ఆరు రోజులు వీధంతా నీళ్లు పోసి బతికించింది. వెళ్లి ఇల్లిల్లూ అడుగు. ఒక్క ఇల్లు, ఒక్కటంటే ఒక్కటి, పట్టుకెళ్లమంటే నేను పక్కకి తప్పుకుంటాను."

"మాట మీద నిలబడతావా?"

"నిలబడతాను."

చిన్నారావు అరుగు మీంచి "ఒసేయ్, ఏం మాటిస్తన్నావే!" అన్నాడు. పాపారావు అప్పటికే రోడ్డు దాటాడు. కప్పల గోలకి అందరూ అరిచి మాట్లాడాల్సి వచ్చింది కాబట్టి ఎవరేమన్నదీ వీధంతా వినబడింది. మొదట ఎదురింటి ఉమామహేశ్వరం గారి వాకిలి.

"పట్టుకెళ్లు నాయనా, మాదేం పోయింది!" అంది ఆయన భార్య వాకిట్లోంచి. వీరవేణి పక్కకి తప్పుకోవడానికి ఒక అడుగు వేసింది. "కాకపోతే మేం ఆరు బిందెలు పోశాం. మా ఆరు బిందెలూ మాకు తోడిచ్చి అప్పుడు పట్టుకెళ్లు. వాననీళ్లు కలిసినవి కాదు. మేం పోసినవే కావాలి."

పక్కింటివాళ్లకు ఆ మాట బాగా నచ్చింది. "మావి కూడా ఆరు!" అన్నారు. ఆ పక్కింటివాళ్లు, ఆ పైవాళ్లు. జోసెఫిన్ అయితే వంటింట్లోంచే "నావి ఎనిమిది! ఉప్పునీళ్లు పెట్టిన రోజువి కూడా కలుపు!" అని కేకేసింది. పాపారావు వీధి చివరిదాకా వెళ్లాడు. తిరిగొస్తూ సగం దూరంలో చటుక్కున ఆగిపోయాడు. అతని మొహం వెలిగింది.

"వదినా! ఒక్క ఇల్లు చాలన్నావు! మా ఇల్లుంది! మేం కూడా పోశాం!" అని అరిచాడు. తన ఇంటి వైపు తిరిగి, "నాగమణీ! బయటికి రా! పట్టుకెళ్లమని చెప్పు!"

ఆ ఇల్లు లెక్కలోకి వస్తుందని వీరవేణికి తట్టనేలేదు. మాట ఇచ్చేసింది. వీధంతా విన్నది. ఆమె గేటు కమ్మీ గట్టిగా పట్టుకుంది.

నాగమణి గుమ్మంలోకి వచ్చింది. పెళ్లయి పన్నెండేళ్లయినా మొగుడికి ఎదురుచెప్పిన మనిషి కాదు. వానలోకి దిగి, కొంగు తల మీద కప్పుకుని, వీధి మధ్యకు వచ్చి నిలబడింది.

"నువ్వు పోసింది ఒక్క బిందె. మిగతా అయిదూ నేను మోశాను" అంది. గొంతు పెద్దది కాదు, అయినా అందరికీ వినబడింది. "నీ బిందె నువ్వు తోడుకో. నావి నేనివ్వను."

పాపారావు చుట్టూ చూశాడు. ప్రతి గుమ్మంలోనూ ఒక మనిషి ఉంది. అతని మనుషులు నలుగురూ ముందే మెల్లగా జారుకున్నారు. అతను వాళ్లు వదిలేసిన ఖాళీ గోతాన్ని మూల మడిచి, తల మీద గుడిసెలా కప్పుకుని, వానలో ఇంటికి నడిచాడు.